వైశాఖ పున్నమి నాడు ఇంకేం జరిగింది

రేవత భిక్షువుకి కావలసింది ఒక్క మాట. గురువుగారు ‘బాగుంది’ అనాలి. ఆయన అనడం లేదు.

కృష్ణ ఒడ్డున కొండమీదున్న ఆ విహారంలో రేవతుడికి ఒక పేరుంది. ఏ తిథి చెప్పినా, ఆ తిథినాడు పూర్వం ఏమేం జరిగాయో గడగడా చెప్పేవాడు. ఏ రాజుకి పట్టం కట్టారు, ఏ స్తూపానికి తొలి రాయి వేశారు, ఎప్పుడు వరదొచ్చి రేవు కొట్టుకుపోయింది, అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. ఇంట్లో బిడ్డ పుడితే జనం కొండెక్కి వచ్చి, “సామీ, ఈ రోజున ఇంకెవరు పుట్టారో చెప్పండి” అని అడిగేవాళ్ళు. ఏ గొప్పవాడి పేరో వినపడితే మురిసిపోయి దిగేవాళ్ళు.

ఆ పేరు మండలాధిపతి వీరస్కందుడి చెవిన పడింది. ఒకరోజు ఆయనే ఏనుగు దిగి, మెట్లెక్కి వచ్చాడు.

“నేను నది దాటి అవతలి గట్టు రాజుని గెలిచాను. నిరుడు, వైశాఖ పున్నమి నాడు. ఆ తిథికి ఏమైనా విశేషం ఉందా?” అని అడిగాడు.

రేవతుడి ఒళ్ళు పులకరించింది. “విశేషమా ప్రభూ! బుద్ధ భగవానుడు పుట్టింది ఆనాడే. జ్ఞానం పొందింది ఆనాడే. నిర్వాణం చెందిందీ ఆనాడే. ఇప్పుడు మీ విజయం నాలుగోది.”

ఆ చివరి మాట ఎవరూ అడక్కుండా, ఆలోచించకుండా, నోటికొచ్చింది. వీరస్కందుడు దాన్ని పట్టుకున్నాడు. విహారంలోని స్తూపం చుట్టూ తెల్లరాతి ప్రాకారం కట్టిస్తానన్నాడు. ఎదురుగా నాలుగు పలకలు. మూడింటి మీద భగవానుడి కథ, నాలుగోదాని మీద ఏనుగెక్కి నది దాటుతున్న తాను. పున్నమి పండగనాడు జనమంతా చూస్తుండగా రేవతుడు ఆ నాలుగు ఘట్టాలూ గానం చెయ్యాలి.

రేవతుడు రోజుల తరబడి కూర్చుని గానం అల్లాడు. అల్లి, విహారానికి పెద్ద, తన గురువుగారైన ధమ్మిల థేరుడికి వినిపించాడు. ముసలాయన గుమ్మంలో కూర్చుని చిరిగిన కాషాయం కుట్టుకుంటూ చివరిదాకా విన్నాడు.

“ఎలా ఉంది భంతే?” గురువుని అక్కడ అలాగే పిలుస్తారు.

“ఆ రోజు ఇంకేం జరిగింది?” అన్నాడాయన.

రేవతుడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “మన విహారంలో బావి తవ్వితే నీళ్ళు పడింది ఆ రోజే. చేరుస్తాను.”

“ఇంకా?”

“అంతే భంతే. ఆ తిథి గురించి నాకు తెలియనిదంటూ లేదు.”

ధమ్మిలుడు దారం కొరికి, సూది పక్కన పెట్టాడు. తన భిక్షాపాత్ర తీసి రేవతుడి చేతిలో పెట్టాడు.

“రేపు నా బదులు నువ్వు వెళ్ళు. రేవు దిగువన పాకలున్నాయే, అక్కడికి.”

ఆ పాకల వైపు గురువుగారు తప్ప విహారంలో మరెవరూ వెళ్ళరు. అక్కడుండేది ఎక్కడినుంచో వచ్చి పడ్డ పడవవాళ్ళు. పడవల్లేని పడవవాళ్ళు. ఇసుక మోసి, కట్టెలు కొట్టి బతుకుతున్నారు.

మర్నాడు పొద్దున్నే రేవతుడు మొదటి పాక ముందు నిలబడ్డాడు. నాగబ అనే ఆవిడ బయటికొచ్చింది. పాత్రని చూసి గుర్తుపట్టింది, మనిషిని చూసి కంగారుపడింది.

“పెద్దసామికి ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉన్నారమ్మా. నన్ను వెళ్ళమన్నారు.”

ఆవిడ ఊపిరి పీల్చుకుని లోపలికెళ్ళి అంబలి తెచ్చింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక బుడతడు నిలబడే ప్రయత్నం చేస్తున్నాడు. లేస్తున్నాడు, కూలబడుతున్నాడు, మళ్ళీ లేస్తున్నాడు.

“ఎన్నో నెలమ్మా?”

“ఈ పున్నమికి ఏడాది నిండుద్ది.”

రేవతుడి మొహం వెలిగిపోయింది. “వైశాఖ పున్నమికా! ఎంత అదృష్టవంతుడమ్మా నీ కొడుకు. ఆ రోజు ఎవరు పుట్టారో తెలుసా?”

నాగబ ఆయన కళ్ళలోకి చూసింది.

“ఎవరు పుట్టారో నాకు తెలీదు సామీ. ఎవరు పోయారో తెలుసు.”

ఆవిడ అంబలి పోస్తూనే చెప్పింది.

“మాది కుడువూరు. దొర సైన్యం వచ్చి నది దాటించమంది. అవతలి గట్టున ఉన్నది ఎవరు? మా ఆడబిడ్డలు, మా మేనమామలు. వాళ్ళని చంపడానికి మా పడవల్లోనే ఎక్కించుకుని పోవాలా? పడవలియ్యం అన్నాం. ఊరు చుట్టూ నిప్పు పెట్టారు. నా పెనిమిటి నన్ను పడవలో పడేసి, తాడు కోసి, ఏట్లోకి తోసేశాడు. తను ఎక్కలేదు. ఎక్కితే పడవ కదలదని.”

బుడతడు మళ్ళీ కూలబడ్డాడు. ఆవిడ వంగి వాణ్ణి లేపింది.

“వీడు నడి ఏట్లో పుట్టాడు. ఏడిస్తే ఒడ్డున ఉన్నోళ్ళకి వినపడుద్దని, పుట్టినోడి నోరు నా చేత్తో మూశాను. ఇంకే తల్లయినా అట్టా చేసుద్దా సామీ?”

రేవతుడు తల వంచుకున్నాడు.

“మీ కొండమీదికి పొగ కనపడలేదా?” అని అడిగిందావిడ. నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

కనపడింది. నల్లగా, ఏటి మలుపు దగ్గర్నుంచి లేచింది. ఎవరో “పొలాల్లో మోళ్ళు తగలబెడుతున్నట్టున్నారు” అన్నారు. అందరూ అవునన్నారు. రేవతుడు కూడా అవునన్నాడు. వైశాఖంలో మోళ్ళు తగలబెట్టడం మామూలే. అంత పొగ రావడం మామూలు కాదని అప్పుడు కూడా ఆయనకి తెలుసు.

కొండెక్కి వచ్చి పాత్ర గురువుగారి ముందు పెట్టాడు.

“భంతే, ఆ పొగ నేను చూశాను.”

“నేనూ చూశాను. మర్నాటి నుంచి అక్కడికి వెళ్తున్నాను” అన్నాడు ధమ్మిలుడు.

“ఇప్పుడు నేనేం పాడాలి?”

ముసలాయన అంబలి తాగుతున్నాడు.

“అది చెబితే ప్రాకారం ఆగిపోతుంది. మనకొచ్చే ధాన్యం ఆగిపోతుంది. ప్రభువు కోపం మీకు తెలియదు భంతే. చెప్పకపోతే...” రేవతుడు ఆగిపోయాడు. “మీరే చెప్పండి. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.”

“అంబలి బాగుంది. నువ్వు తిన్నావా?” అని, మిగిలింది రేవతుడి ముందుకి జరిపాడు ధమ్మిలుడు.

పున్నమి రానే వచ్చింది. పొద్దు వాలేసరికి కొండమీద ఇసక వేస్తే రాలనంత జనం. స్తూపం ఎదుట నాలుగు పలకలు నిలబెట్టి ఉన్నాయి. నాలుగోదానికి పట్టుగుడ్డ కప్పారు. వీరస్కందుడు ఎత్తయిన పీఠం మీద కూర్చున్నాడు. ఆయన పక్కన విహార పెద్దకి ఆసనం వేశారు. కుడువూరు వాళ్ళు కూడా వచ్చారు. భటులు వాళ్ళని ముందుకి రానివ్వలేదు. మెట్ల దగ్గరే నిలబడిపోయారు.

ధమ్మిలుడు వచ్చాడు. ఆసనం దాకా వచ్చి, దాన్ని దాటి, కర్ర ఊతంతో జనం మధ్యలోంచి నడుచుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్ళాడు. నాగబ పక్కన కటిక నేలమీద చతికిలబడ్డాడు.

వీరస్కందుడు కేకేశాడు. “థేరా, మీ ఆసనం ఇక్కడ!”

“ఇక్కడికి బాగా వినపడుతుంది ప్రభూ.”

రేవతుడు గానం మొదలుపెట్టాడు. మంచి గొంతు ఆయనది. భగవానుడి పుట్టుక చెప్పాడు. జనం “సాధు, సాధు” అన్నారు. జ్ఞానోదయం చెప్పాడు, నిర్వాణం చెప్పాడు. కొండ మారుమోగింది. నాలుగోదాని దగ్గర గొంతు ఆగింది.

పట్టుగుడ్డ లాగడానికి ఒకడు సిద్ధంగా నిలబడ్డాడు. రేవతుడు గురువుగారి వైపు చూశాడు. ఆయన ఇటు చూడటం లేదు. ఆయన కర్రని బుడతడు లాక్కుంటుంటే, ఇవ్వనన్నట్టు పట్టుకుని ఆడిస్తున్నాడు. ఆయన ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే, కనీసం తల ఊపి ఉంటే, రేవతుడు దాన్ని ఆజ్ఞ అనుకునేవాడు. ఆ సాయం కూడా ఆయన చెయ్యలేదు.

“ఇదే వైశాఖ పున్నమి నాడు,” అన్నాడు రేవతుడు, పాటగా కాదు, మామూలు మాటగా, “కుడువూరు తగలబడింది.”

జనం కదలడం మానేశారు.

“పడవలివ్వం అన్నందుకు తగలబడింది. తగలబెట్టింది మన ప్రభువు సైన్యం. మేం ఈ కొండమీదినుంచి పొగ చూశాం. చూసి, పండగ చేసుకున్నాం. ఆనాడే నడి ఏట్లో, నాగబ అనే తల్లికి కొడుకు పుట్టాడు.”

ఎవరూ సాధు అనలేదు. వీరస్కందుడు లేచి నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దంలో మెట్ల వైపునుంచి ఒక ముసలి గొంతు, “సాధు” అంది. తర్వాత ఒక ఆడగొంతు. తర్వాత కుడువూరు వాళ్ళంతా. చివరికి మొదటి వరసల్లో కూర్చున్నవాళ్ళు కూడా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, మెల్లగా.

మండలాధిపతి చెయ్యి కత్తి మీద పడింది. పక్కనున్న మంత్రి ఆ చెయ్యి పట్టుకుని ఏదో గొణిగాడు. పున్నమి నాడు, ఇంతమంది ముందు, ఒక భిక్షువుని చంపడం మంచిది కాదని కాబోలు.

“ఈ రాళ్ళన్నీ ఎత్తించండి!” అని అరిచి వీరస్కందుడు దిగిపోయాడు.

కూలీలు పలకలు భుజాన వేసుకున్నారు. దారికి అడ్డమొస్తానని ధమ్మిలుడు పక్కకి జరిగి, “జాగ్రత్త నాయనా, కింద రాళ్ళు నున్నగా ఉన్నాయి. కాలు జారుద్ది” అన్నాడు.

ఆ ఏడు విహారానికి ధాన్యం రాలేదు. కొందరు భిక్షువులు రేవతుణ్ణి తిట్టుకుంటూ వేరే చోట్లకి వెళ్ళిపోయారు. తిథుల విశేషాలు అడగడానికి పెద్దింటివాళ్ళెవరూ రాలేదు. పాకల వాళ్ళు వచ్చేవాళ్ళు. అమ్మ పోయిన రోజు, వల కొట్టుకుపోయిన రోజు, చెల్లెలికి చూపు వచ్చిన రోజు చెప్పేవాళ్ళు. రేవతుడు విని గుర్తుపెట్టుకునేవాడు.

మళ్ళీ వైశాఖం వచ్చేముందు ఊరూరా డప్పు వేశారు. ఇకనుంచి ఆ పున్నమి పేరు విజయ పున్నమి. పండగ కోటలోనే. కొండ మెట్లు ఎవరూ ఎక్కకూడదు. అన్నట్టుగానే ఆ రోజు మెట్ల మొదట్లో భటులు ఈటెలు అడ్డం పెట్టి నిలబడ్డారు.

సాయంత్రం రేవతుడు పైనుంచి చూశాడు. మెట్ల మీద నరపురుగు లేదు.

“నా మాట వల్ల పండగే లేకుండా పోయింది భంతే.”

ధమ్మిలుడు కర్ర అందుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. రేవతుడు వెనకే నడిచాడు. కింద భటుల నాయకుడు ఎదురొచ్చాడు.

“మెట్లెక్కనివ్వొద్దని ఆజ్ఞ సామీ.”

“దిగుతున్నాం కదా నాయనా.”

అతను తికమకపడ్డాడు. “ఎక్కడికి?”

“కుడువూరికి. పాకలవాళ్ళు మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. అందరూ అక్కడే ఉన్నారు.”

“అయినా ఈ రోజు ఇక్కడ పున్నమి లేదు సామీ. ప్రభువు వద్దన్నారు. మా ప్రాణం తీయకండి.”

ఏటికి అవతల, చెట్ల వెనకనుంచి, అప్పుడే ఎర్రగా పైకొస్తోంది చంద్రబింబం. ముసలాయన కర్ర ఎత్తి అటు చూపించాడు.

“అదిగో, వచ్చేసింది నాయనా. మెట్లెక్కలేదు.”

భటుడు ఈటె పక్కకి తీశాడు.