నాణెం రెండోసారి

హైమావతికి పద్నాలుగేళ్లు. జవాబు సరిపోయాక కూడా "ఎందుకు?" అని అడగడం ఆమె అలవాటు. ఆ రోజు తొమ్మిదో తరగతి అమ్మాయిల సెక్షన్లో లెక్కల టీచరు వకుళను అడిగిన ప్రశ్న మాత్రం ఊరికే అడిగింది కాదు.

జిల్లా లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరినే పంపుతారు. అబ్బాయిల్లో మొదటివాడా, అమ్మాయిల్లో మొదటిదైన హైమావతా అన్నది ఆ సాయంత్రమే హెడ్మాస్టరు నాణెం ఎగరేసి తేలుస్తాడు. బొమ్మ పడితే అబ్బాయి బస్సెక్కుతాడు. బొరుసు పడితే మాత్రం, "ఆడపిల్లను అంత దూరం పంపడమాయె, ఇంకోసారి చూద్దాం" అని మళ్లీ ఎగరేస్తాడు. మళ్లీ బొరుసే పడాలి. ఆయన దాన్ని జాగ్రత్త అంటాడు. ఆ జాగ్రత్తకు ఏటా ఆగిపోయేది ఎవరో ఆయనను ఎవరూ అడగలేదు.

"రెండుసార్లూ సగం అవకాశమే కదా, అన్యాయం ఏముందంటున్నారు హెడ్మాస్టరు సార్. మరి మా వంతు ఎందుకు రాదు టీచర్?" అంది హైమావతి.

వకుళ సుద్దముక్క పక్కన పెట్టింది. "బస్సు చార్జీ నాణేలు తీయండే! అందరూ లేచి ఎగరేయండి. బొమ్మ పడినవాళ్లు కూర్చోండి."

నాణేలు ఎగిరాయి, బల్లల కింద దొర్లాయి. ఇంచుమించు సగం గది కూర్చుంది.

"నిలబడ్డవాళ్లు మళ్లీ!"

ఈసారి అక్కడొక తల, ఇక్కడొక తల మిగిలాయి. హైమావతి బల్లెక్కినంత పని చేసింది.

"సగంలో సగం! మాది పావే టీచర్! ముప్పావు వాళ్లదే!"

ఆ కేకలకు హెడ్మాస్టరు పరుగున వచ్చాడు. "ఏమిటీ సంత?"

"మీ నాణెం గురించే సార్. సాయంత్రం దాకా ఎందుకు, ఇక్కడే ఎగరేయండి" అంది వకుళ.

అంతమంది కళ్లు తన మీదే ఉంటే కాదనలేక ఎగరేశాడు. బొరుసు! గది దద్దరిల్లింది. ఆయన అలవాటు కొద్దీ మళ్లీ నాణెం కోసం వంగాడు. వకుళ చెప్పు విడిచి దాని మీద కాలు పెట్టింది.

"లక్ష్మిని తొక్కుతారా మేడమ్! కాలు తీయండి!"

"తీస్తాను సార్. ఆ రెండోసారి ఎవరి భయం కోసమో చెప్పండి, తీస్తాను."

హైమావతి పోటీకి వెళ్లింది, ఓడిపోయింది. మరుసటి ఏడు నాణెం వద్దు, పరీక్ష పెట్టండని హెడ్మాస్టరును అడిగి, రాసి, మళ్లీ బస్సెక్కింది.