నూకరత్నం పళ్ళ క్లిప్పులు

అనగనగా ఇసకదిబ్బల పక్కనున్న ఒక ఊళ్ళో నూకరత్నం అనే పిల్ల ఉండేదమ్మా. దాని పై పళ్ళు ముందుకి తోసుకొచ్చి, పెదవులు మూతపడేవి కావు. జంతిక తినాలంటే పక్క పళ్ళతోనే కొరకాలి. పళ్ళు కొబ్బరి తురిమే పీటలా ఉన్నాయని బళ్ళో పిల్లలు "కొబ్బరికోరాం" అని పిలిచేవాళ్ళు.

అప్పుడు అది వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని, "నాకు క్లిప్పులు పెట్టించు నాన్నా" అని తనే అడిగింది. పళ్ళ డాక్టరమ్మ పన్నుకో చిన్న బిళ్ళ అంటించి, తీగ బిగించింది. "మధ్యలో తీసేస్తే పళ్ళు మళ్ళీ పాత చోటికే పోతాయి, జాగర్తమ్మా" అంది.

అబ్బో, ఆ నొప్పి ఏం చెప్పను! చిగుళ్ళు వాచాయి. తీగ మొన బుగ్గకి గుచ్చుకుంటే మైనం అద్దుకునేది. మెత్తటి పప్పన్నమే తినేది. తిన్న ప్రతిసారీ పెరట్లో నిలబడి, తీగ కింద ఇరుక్కున్న మెతుకులు చిన్న బ్రష్షుతో తీసుకునేది. ఏడ్చింది గానీ, తీసెయ్యమని మాత్రం అనలేదు.

ఇంతలో దానికి ఓణీల వేడుక వచ్చింది. వేడుకంటే మేనత్తదే కదా పెత్తనం! సింహాద్రమ్మత్త ఆటో దిగుతూనే పిల్ల నోరు చూసి గుండెలు బాదుకుంది.

"ఓసి నీ నోట్లో ఈ ఇనప కంచె ఏంటే! రేపు సంబంధాలకి ఈ ఫొటోలే కదా చూపించాలి?"

అప్పుడు అత్త పిడక కాల్చిన కచ్చికలో ఉప్పు కలిపి తెచ్చింది. "రుద్దవే, మల్లెమొగ్గల్లా తెల్లబడతాయి" అంది.

"బిళ్ళల కిందికి ఎలా పోతుందత్తా? ఇవి తీశాక పన్ను పన్నుకీ ఒక మచ్చ మిగులుతుంది. నాకొద్దు" అని, అత్త వేలితో పళ్ళకి రాసిన కాస్తా పుక్కిలించి వచ్చేసింది.

ఆ తర్వాత అత్త దాన్ని కంసాలి కొట్టుకి లాక్కుపోయింది. బంగారం పనివాడికి ఈ తీగొక లెక్కా అనుకుంది మరి!

"ఇవాళ తుంచెయ్యి బ్రహ్మం, వేడుకయ్యాక మళ్ళీ అతికిద్దువు గాని."

"దానికేముందమ్మా, ముక్కుపుడక ఊడదీసినంత పని" అని అతను పట్టకారు తీశాడు.

నూకరత్నం పెదవులు బిగించేసింది. అత్త గడ్డం పట్టుకుని ఊపినా విప్పలేదు. విదిలించుకుని గుమ్మం దాటాకే నోరు తెరిచింది. "నొప్పి పడింది నేను. తీసేది డాక్టరమ్మ. మధ్యలో నీ కంసాలెవరు?" అని గట్టిగా అడిగి, ఇంటిదారి పట్టింది.

ఆ తర్వాత వేడుక రోజు రానే వచ్చింది. మేనమామ తెచ్చిన ఆకుపచ్చ ఓణీ కట్టి, నూకరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఫొటోలాయన దీపాలు వేశాడు. అప్పుడు అత్త చెవిలో అంది, "నోరు మూసుకుని నవ్వు. విప్పావో, నీ పక్కన నిలబడను."

మేనత్త లేని ఓణీల ఫొటో ఎక్కడైనా ఉంటుందా? పందిరంతా చూస్తోంది. నాన్న తల దించుకున్నాడు. నూకరత్నానికి, ఈ ఒక్కసారికీ మూసుకుంటే పోతుంది కదా అనిపించింది. కానీ ఈ ఒక్కసారికీ మూస్తే, ఆ తర్వాత ఎవరు మూసుకోమన్నా మూసుకోవాలి.

"అయితే కాస్త పక్కకి జరుగత్తా, వెలుతురు తగలనీ" అంది.

అని నవ్వింది చూడూ! క్లిప్పులు, తీగలు, చిగుళ్ళు, అన్నీ కనబడేలా నవ్వింది. అత్త విసురుగా వెళ్ళిపోయింది.

వాళ్ళింట్లో గుమ్మానికి ఎదురుగా ఆ ఫొటోనే తగిలించారు. అందులో అత్తది కొంగు చివర మాత్రమే పడింది. నూకరత్నానిది నోరంతా పడింది.

తీగ తళుక్కు, పన్ను తళుక్కు,
పిల్ల నవ్వితే పందిరి తళుక్కు!
కథ పోయింది కంచికి,
నువ్వు పద మంచానికి.