పట్టుచీరలో సీసా

చిదంబరయ్యగారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఆవేళ శిష్యుడు అచ్యుతం వచ్చి, "గురువుగారూ, మీరిచ్చిన మంత్రం చెప్పమని చావుమంచం మీదున్న సూరమ్మ అడిగింది. అడిగినవాళ్లందరికీ పంచితే పలచబడిపోతుందని భయపడి నేను చెప్పలేదు. తప్పా?" అన్నాడు. ఆయన యానాంలో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకున్నారు.

అక్కడ అప్పలస్వామి అని, ఫ్రెంచి దొరగారింట్లో బట్లరు. ముప్పయ్యేళ్లు దొరకి కొన్యాక్ పోశాడు గానీ తను చుక్క నోట వేసుకోలేదు. కొన్యాక్ అంటే వాళ్ల దేశపు ద్రాక్ష బ్రాందీ. తాత పీపాలో పోసి పెడితే మనవడి కాలానికి గానీ సీసాకెక్కదట. దొర ఊరు విడిచిపోతూ అలాంటి పాతకాలపు సీసా ఒకటి అతని చేతిలో పెట్టాడు.

ముసలాడు పక్షవాతంతో మంచాన పడ్డాక సీసా కొడుకు నూకరాజు చేతికొచ్చింది. అంత వయసున్నదాన్ని నిలబెట్టి ఉంచడం మర్యాద కాదనుకున్నాడు వాడు. పెళ్లాం పెళ్లిచీర చుట్టి, పెట్టెలో దూది మీద పడుకోబెట్టాడు.

"నా చీర నాకంటే అదే ఎక్కువ కట్టింది" అని పెళ్లాం దెప్పేది.

పెట్టె దగ్గరికెళ్తే కమ్మటి వాసన. "చూశావా, ఇంకా ముదురుతోంది" అని నూకరాజు మురిసిపోయేవాడు.

ఆరేళ్లు గడిచి, ముసలాడికి గొంతు పడిపోయే రోజులొచ్చాయి.

"ఒరే, ఒక్క గుక్క పొయ్యరా. రుచి తెలీకుండా పోతన్నాను."

"అది తాగేది కాదు నానా, మన ఇంటి పేరు. మూత తీస్తే సారా సీసాకీ దానికీ తేడా ఏటుంటది?"

ముసలాడు మళ్లీ అడగలేదు. మర్నాడు పోయాడు.

ఆ ఎండిన పెదాలు నూకరాజుని వదల్లేదు. పెద్దకర్మనాడు, పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టేవేళ, అందరి ముందూ పెట్టె తెరిచి చీర విప్పాడు. చీరంతా ఎప్పటిదో గోధుమరంగు మరక. బిరడా చివికి పొడిపొడి. సీసాలో చుక్క లేదు.

తండ్రితో పనిచేసిన ముసలి వంటవాడు సీసా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవడ్రా దీన్ని పడుకోబెట్టింది? ఈ సరుకు బిరడాని తినేస్తది, నిలబెట్టే ఉంచాల. ఎప్పుడో కారిపోయింది. మీ అయ్యనడిగితే చెప్పేవోడు కదరా!"

నూకరాజు ఖాళీ సీసానే విస్తరి పక్కన పెట్టాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. కాకి ముట్టలేదు.

కథ ఆగాక అచ్యుతం తల వంచుకుని, "అయితే ఇచ్చెయ్యమంటారా, గురువుగారూ?" అన్నాడు.

"ఇచ్చే మాట తరవాత. నీ మూట విప్పి చూసుకుని ఎన్నాళ్లయింది?"