బావి మీది గూటికి అడ్వాన్సు

సజ్జచేను గట్టున, పాత దిగుడుబావి మీదికి వంగి ఒక తుమ్మచెట్టు ఉంది. ఆ ఏడు సజ్జకంకులు గట్టిపడే నాటికి దాని కొమ్మలకు పదకొండు గూళ్లు వేలాడుతున్నాయి. పదకొండూ సగం అల్లిన గూళ్లే. లోపల ఒక్క పిట్ట లేదు. చేను చుట్టూ రెల్లుదుబ్బుల్లో మాత్రం గూడు లేని పిట్టలు తడుస్తున్నాయి. ఖాళీ గూళ్లు అన్ని ఉండగా గూడు లేని పిట్టలు ఇన్ని ఎందుకున్నాయని అడిగితే, అక్కడ ఒక్క నక్క కొండయ్యే జవాబు చెప్పేవాడు. విన్నవాళ్లకు ఉన్న కాస్త తెలివీ పోయేది.

ఆ పొద్దున గిజిగాడు ఓబులేసు నత్తగుల్ల నిండా సజ్జలు మోసుకుని చెట్టు కిందికి వచ్చాడు.

"కొండయ్యన్నా, ఇదిగో ముప్పయ్యో గుల్ల. గీత గీసెయ్. గూడు ఇచ్చెయ్."

కొండయ్య గింజలు పక్కన పోసుకుని, చెట్టు మాను మీద గోటితో ఒక గీత గీశాడు. వెనక్కి జరిగి ఆ గీతను ముద్దుగా చూసుకున్నాడు.

"శభాష్ తమ్ముడూ. ఇంకో పదిహేను ఉంటే అడ్వాన్సు పూర్తయిపోయినట్టే."

"ముప్పై అన్నావు కదన్నా?"

"అది పోయిన పౌర్ణమి ధర."

"అంతకు ముందు ఇరవై అన్నావు. ఇరవై తెచ్చేసరికి ముప్పై అన్నావు."

"పైకి చూడు. నువ్వు ఇరవై తెచ్చిన రోజున ఈ చెట్టుకి గూళ్లెన్ని? మూడు. ఇప్పుడు? పదకొండు. కింద నీళ్లు, పైన గాలి, చుట్టూ గూళ్లు. ఇలాంటి చోట ధర పెరగదా?"

"ఆ పదకొండూ నేను అల్లినవే కదా!"

"అందుకే పెరిగింది. నువ్వు కాస్త చెత్తగా అల్లి ఉంటే పెరిగేది కాదు. ఇందులో తప్పెవరిది?"

ఓబులేసు ముక్కు తెరిచాడు. మళ్లీ మూశాడు. "నాదేనా?"

"నేనేమీ అనలేదు. నువ్వే అంటున్నావు."

ఈ వ్యవహారం మొదలై ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం ఎక్కడి నుంచో వచ్చిన కొండయ్య తుమ్మ నీడలో పడుకుని నిద్రపోయాడు. లేచి, ఈ చెట్టు నాది అన్నాడు. ఎలాగని పిట్టలు అడిగితే, "మరి ఎవరిది?" అని ఎదురడిగాడు. అంతకు ముందు ఆ చెట్టు ఎవరిదీ కాదు కాబట్టి అందరూ ఉండేవారు. ఎవరిదీ కాని చెట్టు ఉండకూడదని వాళ్లకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి గూడు ఊరికే అల్లాలి, గుల్లెడు గింజలు తెచ్చి దాచుకుంటే ఒక గీత. అడ్వాన్సు పూర్తయ్యాకే గూటికి వాకిలి గొట్టం అల్లుకోవాలి, అప్పుడే కాపురం పెట్టాలి. "నేటి పొదుపు, రేపటి గూడు" అని కొండయ్య ఒక మాట నేర్పాడు. పిట్టలు పొద్దున్నే దాన్ని పాటలా పాడుకుంటూ పనికి పోయేవి. దోపిడీ కోరలు చూపిస్తూ వస్తుందని చెబుతారు. అక్కడికి అది పాట నేర్పుతూ వచ్చింది.

గట్టు మీద గడ్డి నెమరేస్తున్న ముసలి ఎద్దు బుడ్డప్ప ఇదంతా విన్నాడు.

"ఏరా ఓబులేసూ, గూడు వచ్చిందా?"

"వచ్చేసినట్టే తాతా. పదిహేను గుల్లలు తక్కువ."

"పోయిన పౌర్ణమికి ఎన్ని తక్కువ?"

"పది."

"అంటే పది తెచ్చాక పదిహేను తక్కువైందా?"

ఓబులేసు కాసేపు కాళ్ల వేళ్లు చూసుకున్నాడు. "తాతా, నేను ముందుకే పోతున్నాను కదా?"

"నన్నడగకు. నాకూ ఇలాంటిదే ఒకటి అర్థం కాలేదు. నన్ను నాగలికి కొత్తగా కట్టిన రోజుల్లో ఈ దారినే ఊరేగింపు పోయింది. దున్నేవాడిదే భూమి అని అరిచారు. దున్నేది నేనే కదా అని తలెత్తి నిలబడ్డాను. వాళ్లు పోయారు. మా రైతు వచ్చి పగ్గం బిగించాడు." బుడ్డప్ప నెమరు ఆపాడు. "సరే గానీ, నక్క సజ్జలు తినడు కదరా. మరి నీ గింజలు ఏం చేస్తున్నాడు?"

ఓబులేసు ఆ ప్రశ్నను అలాగే మోసుకుపోయి రెల్లుదుబ్బులో ఉన్న పెళ్లాం లింగమ్మ ముందు పెట్టాడు.

లింగమ్మకు అప్పటికే ఒళ్లు బరువెక్కింది. వారం లోపు గుడ్లు పెట్టాలి. పోయిన ఏడు గూడు లేక ఆ రెల్లుదుబ్బులోనే మూడు గుడ్లు పెట్టింది. మూడూ పాము మింగింది. అప్పుడూ ఓబులేసు ఇంకొంచెం ఓర్చుకో అనే అన్నాడు.

"గింజలు ఏం చేస్తున్నాడని ఏడాది పాటు నువ్వు అడగలేదా?" అంది లింగమ్మ.

"దాస్తున్నాడనుకున్నాను."

"ఎక్కడ?"

"గీతల్లో."

లింగమ్మ అక్కడి నుంచి ఎగిరిపోయింది. కొండయ్య బొరియ వెనక తంగేడు పొదల దగ్గర వాలింది. నేల మీద సజ్జలు చల్లి ఉన్నాయి. చుట్టూ కముజుపిట్టల ఈకలు. కొన్నిటి మీద నెత్తురు ఇంకా ఆరలేదు. ఒక కముజుకోడి పిల్లలను వెంటేసుకుని గింజల వైపు వస్తుంటే, లింగమ్మ గొంతు చించుకుని అరిచి వాటిని తరిమింది.

తిరిగి వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది.

ఓబులేసు ముఖం వేలాడేసుకున్నాడు. "అంటే నా గింజలకు ఆశపడి కముజులు వచ్చాయి. కముజులను కొండయ్యన్న తిన్నాడు. అంటే నేను దాచుకున్నది కొండయ్యన్న కడుపులో ఉందా? మరి నా ముప్పై గీతలు?"

"చెట్టు మీద ఉన్నాయి. పోయి కౌగిలించుకో."

"ఇప్పుడేం చేద్దాం లింగీ? అడ్వాన్సు వెనక్కి అడుగుదామా?"

"కముజులను వెనక్కి ఇస్తాడా? నువ్వు నోరు మూసుకుని రేపు నా వెంట రా. చేలో ఉన్న పిట్టలందరినీ పిలువు."

మర్నాడు తుమ్మచెట్టు చుట్టూ పిట్టలు నిండిపోయాయి. అంత బేరాన్ని ఒకేసారి చూసి కొండయ్య నాలుకతో మూతి తుడుచుకున్నాడు.

"రా చెల్లెమ్మా. ఏమిటి, ఊరంతా వచ్చారు?"

"అందరం గూళ్లు తీసుకుందామని, అన్నా. మిగిలిన పదిహేనూ మా వాళ్లు తలా ఇంత వేస్తామన్నారు. మాది కుదిరితే వాళ్లూ కడతారు. కాకపోతే మాకొక ఆచారం ఉంది."

"చెప్పమ్మా. ఆచారాలను కాదనే రకం కాదు నేను."

"మాలో గూడు ఇచ్చేవాడు, సగం అల్లిన గూటికి తానే వేలాడి, కొమ్మ ఊపి చూపిస్తాడు. తెగకపోతే ఆడది ఒప్పుకుంటుంది. అది చూడకుండా ఏ ఆడగిజిగాడూ గూట్లో కాలు పెట్టదు. మా అమ్మ పెట్టలేదు, మా అమ్మమ్మ పెట్టలేదు."

"దానికేం! ఓబులేసు వేలాడతాడు. ఎక్కరా తమ్ముడూ."

ఓబులేసు రెక్క విప్పబోయాడు. లింగమ్మ వాడి కాలు తొక్కింది.

"ఆగండి. ఇచ్చేవాడు వేలాడాలి అన్నాను. ఇప్పుడు వీడు వేలాడితే, మా ఆచారం ప్రకారం ఈ గూడు వీడిదే. అడ్వాన్సు వీడికే కట్టాలి. అందరి ముందూ తేల్చి చెప్పన్నా. గూడు నీదా, వీడిదా?"

కొండయ్య పిట్టల వైపు చూశాడు. ఇన్ని గుల్లలు, ఇన్ని గింజలు, ఎన్ని కముజులు!

"నాదే," అన్నాడు.

"అయితే ఎక్కు."

"నాకు రెక్కలు లేవు కదమ్మా."

"రెక్కలు లేకుండానే ఏడాది నుంచి గూళ్లు అమ్ముతున్నావు కదా. మాను వంగే ఉంది, నాలుగు అడుగులు. నీ ఇంటికి నువ్వు పోలేవా?"

బుడ్డప్ప గట్టు మీద నుంచి, "పోనీలేవే లింగమ్మా, బలవంతం చెయ్యకు. ఆయనది కాదేమో," అన్నాడు.

ఆ మాట కొండయ్యకు తుమ్మముల్లు కంటే ముందే గుచ్చుకుంది. "ఎవరిది కాదు?" అంటూ మాను పట్టుకుని పాకాడు. ముళ్లు అరికాళ్లలో దిగాయి. పళ్లు బిగించి, చివరి కొమ్మ దాకా పోయి, గూటికి ముందుకాళ్లు రెండూ వేసి వేలాడాడు.

"చూశారా! తెగలేదు!"

నిజంగానే గూడు తెగలేదు. ఓబులేసు అల్లిక అది. గూటిని మోస్తున్న కొమ్మ విరిగింది. కొండయ్య, గూడు, కొమ్మ కలిసి బావిలో పడ్డాయి.

నీళ్లు నెమ్మదించాక కొండయ్య బావి లోపల కూలిపోగా మిగిలిన ఒక మెట్టు మీద తడిసి కూర్చుని కనిపించాడు. పైకి రావడానికి దారి లేదు.

"తమ్ముడూ ఓబులేసూ! ఒక తాడు అల్లరా! నీ అడ్వాన్సు మాఫీ! చెట్టంతా నీకే ఇస్తాను!"

ఓబులేసు బావిలోకి తొంగిచూశాడు. వాడికి ఎగతాళి చేయడం రాదు, నిజంగానే అడిగాడు. "కొండయ్యన్నా, ఇచ్చేవాడివి నువ్వు. చెట్టేమో ఇక్కడుంది. నువ్వు లేకుండానే మేం దీని మీద కూర్చున్నాం. మరి నువ్వు ఇచ్చేదేమిటి?"

ఏడాదిలో మొదటిసారి కొండయ్య దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.

మూడో రోజు రైతు బావిలో పడిన కొమ్మ తీయడానికి నిచ్చెన దించాడు. కొండయ్య ఆయన భుజం మీదుగా దూకి, చేను దాటి పరుగెత్తాడు. చెట్టు వైపు తలైనా తిప్పలేదు. అప్పటికి మిగిలిన పది గూళ్లలో ఎనిమిదింటికి వాకిలి గొట్టాలు వచ్చేశాయి. తొమ్మిదోదానికి ఓబులేసు అల్లుతున్నాడు. లోపల లింగమ్మ తడిమట్టి అద్దుకుంటోంది. పడమర నుంచి ముసురు కమ్ముకొస్తోంది.

"లింగీ."

"ఊ."

"అంతా బాగానే ఉంది గానీ, ఇప్పుడు ఈ గూటికి అడ్వాన్సు ఎవరికి కట్టాలి?"

"ముందు ఆ గొట్టం పూర్తి చెయ్యి," అంది లింగమ్మ. "మొదటి గుడ్డు వచ్చేసింది."

అమ్మేవాడు నిలవలేని కొమ్మకు అల్లినవాడు అడ్వాన్సు కట్టకూడదు.