తల దించుకుని ఇచ్చిన నూకయ్య

కొండల మీద బండిదారులు పడకముందు సంగతి ఇది. పెద్దల నోట విన్నది, మీ చెవిన వేస్తున్నది.

ఉప్పు అమ్ముకునే నూకయ్య గాడిదను తోలుకుంటూ కనుమ దాటి సంతకు పోయేవాడు. ఒకసారి కనుమ మీదే జ్వరం కమ్మి పడిపోయాడు. మేకలు కాచుకునే ముసలి దాలమ్మ చూసింది. పట్టుకుని తన పాకకు నడిపించుకెళ్లింది. లేచి నిలబడేదాకా అంబలి తాగించింది.

"నీ రుణం ఎలా తీర్చుకోనమ్మా?" అన్నాడు నూకయ్య.

"నాకేటి తీరుస్తావు బాబూ! దారిలో ఎవరైనా పడుంటే ఆళ్లకియ్యి."

"ఇస్తానమ్మా" అన్నాడు.

మళ్లీ సంతకు పోతుంటే ఒకడు కాలు వాచి కూలబడి ఉన్నాడు. మబ్బు పట్టింది. వానొస్తే ఉప్పు కరిగిపోతుంది. "వెనకొచ్చేవాళ్లు చూస్తార్లే" అనుకుని నూకయ్య పోయాడు. వెనకొచ్చేవాళ్లు చూశారు.

ఆపై సంతకు పోతుంటే ఒకామె కళ్లు తిరిగి బండకు చేరగిలబడి ఉంది. అప్పటికే పొద్దెక్కింది. "వెనకొచ్చేవాళ్లు చూస్తార్లే" అనుకుని పోయాడు. వెనకొచ్చేవాళ్లు చూశారు.

ఆపై సంతకు పోతుంటే చాపలమ్మే ముసలాయన జ్వరంతో మూలుగుతున్నాడు. "గుక్కెడు నీళ్లు నాయనా" అన్నాడు. నూకయ్య మొహం తిప్పుకున్నాడు. "వెనకొచ్చేవాళ్లు చూస్తార్లే."

ఆ రోజు వెనక ఎవరూ రాలేదు.

తిరిగొచ్చేసరికి ముసలాయన ప్రాణం పోయింది. చెయ్యి మాత్రం నూకయ్య వెళ్లిన వైపే చాచి ఉంది.

గొయ్యి తవ్వి పూడ్చి, నూకయ్య దాలమ్మ పాక ముందు కూలబడ్డాడు. జరిగింది చెప్పాడు. దాలమ్మ లేచింది. లోపలికెళ్లి ముంతతో అంబలి తెచ్చి ముందు పెట్టింది.

"నాకు పెట్టకమ్మా. తిట్టు."

"తిడితే నీకు తేలికైపోద్ది బాబూ. తాగు. తాగి, ఆయన పడ్డ సోటుకే పో."

ఏడుస్తూనే తాగాడు. గాడిదను అమ్మేసి, ముసలాయన పడిన చోటే పాక వేశాడు. దాహమన్నవాళ్లకు నీళ్లు, ఆకలన్నవాళ్లకు అంబలి, పడినవాళ్లకు భుజం. ఎవరైనా దండం పెట్టబోతే సిగ్గుతో చితికిపోయేవాడు. తల ఎత్తి వాళ్ల మొహం చూసేవాడు కాదు. అలాగే ముసలివాడై, అక్కడే పోయాడు.

ఇప్పటికీ ఆ కనుమలో పుచ్చుకున్నవాళ్లు తల దించుకోరు. ఇచ్చినవాళ్లు దించుకుంటారు. అదేటని అడిగితే, "ఆలస్యంగా ఇస్తున్నాను, ఏటనుకోకు" అంటారు.