వెంకాయమ్మ ఇంట బాతుల కాపురం

అరెకరం దొడ్డి, రెండు గదుల పెంకుటిల్లు, ఇంటినిండా తెలివి. ఇదీ వెంకాయమ్మ తన ఆస్తి గురించి చెప్పుకునే మాట. ఊళ్ళో తక్కినవాళ్ళంతా చెప్పిందాంట్లో సగం విని సగం గాలికొదిలేసే రకమట. తన ఇంట్లో మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తారట. మొగుడు పల్లాలు, మరిది గవర్రాజు, అత్త బంగారమ్మ ఈ మాటకి తలలూపేవారు. ఊపమని ఆవిడే చెప్పేది. ఆపమని చెప్పేదాకా ఊపేవారు.

అన్నీ ఉన్నా ఆవిడకి ఒక కోరిక తీరలేదు. తమ్ముడు శ్రీరాములు పెంచే మస్కోవీ బాతులు తన దొడ్లోనూ తిరగాలి. మొహం మీద ఎర్రటి బుడిపెలతో, తోకలూపుకుంటూ, అరుపూ గోలా లేకుండా బుస్సు బుస్సుమనే ఆ బాతులంటే ప్రాణం. ఏడాదిపాటు పోరగా పోరగా శ్రీరాములు ఒక మగబాతునీ నాలుగు పెట్టల్నీ తెచ్చి దింపాడు. దొడ్లో చెక్కగూడు కూడా కట్టిపెట్టాడు.

"సరిగ్గా చూసుకుంటే నీవేనక్కా. లేదంటే నా బాతుల్ని నేను పట్టుకుపోతాను," అని ముందే చెప్పాడు.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, బాతుల గురించి మనుషుల గురించి చెప్పినట్టే చెప్తాడు. వాటిని కట్టెయ్యకుండా వాటి ఇష్టానికి వదిలెయ్యాలన్నాడు. సొంత పిల్లల్లా చూసుకోవాలన్నాడు. పొదిగే తల్లిని ఎవరూ కదపకూడదన్నాడు. పొద్దుగూకాక మాత్రం ఒక్కరు కూడా బయట ఉండకూడదు, అందరూ గూట్లో చేరి గడియ పడాలి, లేకపోతే నక్క ఎత్తుకుపోతుందన్నాడు.

అంతే. తమ్ముడు వీధి మలుపు తిరగకముందే పెంపకం మొదలైంది. బంగారమ్మ మగబాతు మొహంలోకి తేరిపార చూసి, బిడ్డకి ఆటలమ్మ పోసిందని తేల్చింది. పిల్లల్లా చూసుకోమన్నాడుగా. గుమ్మానికి వేపమండలు కట్టారు, బాతులకి వేపాకు పక్కలు వేశారు. ఇంట్లో తాలింపు మానేసి చప్పిడి కూడు తిన్నారు. బుడిపెలు తగ్గలేదు. చప్పిడి కూడూ తప్పలేదు.

పొద్దుగూకింది. ఇంకేముంది, నలుగురూ వంగి, పాకి, గూట్లో దూరారు. వెంకాయమ్మ గడియ వేసింది. గవర్రాజు పొడుగుమనిషి, కాళ్ళు పట్టలేదు.

"వదినా, నా కాళ్ళు బయటున్నాయి. నక్క ఎత్తుకుపోదూ?"

"పోతే కాళ్ళే కదరా. మిగతా నువ్వు లోపలే ఉన్నావుగా, పడుకో."

పల్లాలుకి ఒక అనుమానం వచ్చింది. "మరి బాతులు బయటున్నాయి కదే?"

"వాటి ఇష్టానికి వదిలెయ్యమన్నాడా లేదా?"

అన్నాడు. పల్లాలు అటు తిరిగి ముడుచుకుని పడుకున్నాడు. చోటు లేక బాతులు కాసేపు గూడు చుట్టూ తిరిగాయి. ఇంటి తలుపు తీసి ఉంది. వెళ్ళి మంచాలెక్కాయి. అదే వాటికి అలవాటైపోయింది. రోజూ తెల్లారేసరికి బాతులు ఇంట్లోంచి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చేవి. ఇంటివాళ్ళు గూట్లోంచి నడుములు పట్టుకుని వచ్చేవారు.

పది రోజులు తిరక్కుండా ఒక పెట్ట బియ్యం గోలెంలోకి దూరి, గుడ్లు పెట్టి, వాటి మీదే కూచుంది. తల్లిని కదపకూడదు. ఇంకేముంది, బియ్యం అందవు. బాతులకని తెచ్చిన తవుడే ముద్ద చేసుకుని మనుషులు తిన్నారు. తవుడు కరువైన బాతులు కూరమడులు తిన్నాయి. తమ ఇంట్లో ఎవరి తిండి వాళ్ళు సంపాదించుకుంటారని వెంకాయమ్మ వీధరుగు మీద కూచుని గొప్పలు పోయింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం శ్రీరాములు వచ్చాడు. గుమ్మానికి వేపమండలు. మంచం మీద బాతులు. గోలెంలో పెట్ట. అక్క చేతిలో తవుడుముద్ద. ఆయన మొహం బాతు మొహంకన్నా ఎర్రబడింది.

"నీ వల్ల కాదక్కా. రేపు తెల్లారగానే ఆటో తెస్తాను. రాత్రి గూట్లో పడుకున్నవాళ్ళందరికీ కాళ్ళు కట్టి, గంపల్లో కూచోబెట్టి ఉంచు. పట్టుకుపోతాను."

ఆ సాయంత్రమంతా వెంకాయమ్మ ఏడ్చింది. ఒక్కో బాతునీ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పొద్దుగూకగానే ఏడుస్తూనే గూట్లో దూరింది. గడియ వేస్తుండగా ఆవిడ బుర్రలో దీపం వెలిగింది.

"ఏవండీ, గూట్లో పడుకున్నది ఎవరు?"

పల్లాలు చుట్టూ తడిమి చూశాడు. "మనమే."

"వాడు పట్టుకుపోతానన్నది మనల్ని. బాతులు ఇక్కడే ఉంటాయి. మొత్తానికి నిలబెట్టుకున్నాను."

ఆ సంతోషానికి గవర్రాజు కాళ్ళు బయటున్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లారింది. శ్రీరాములు ఆటో దిగేసరికి గేటు పక్కన వరసగా నాలుగు గంపలు. గంపకొకరు, కాళ్ళు కట్టి, బుద్ధిగా కూచున్నారు. బంగారమ్మ గాలాడదని పైన వల మాత్రం వద్దందట. అప్పుడే గోలెం దిగిన తల్లిబాతు, వెనక పచ్చటి పిల్లల దండుతో ఇంట్లోంచి వసారాలోకి వచ్చి, వీళ్ళని చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

శ్రీరాములు ఒక్కో గంపలోకీ వంగి చూసుకుంటూ వచ్చాడు.

"ముగ్గురికీ నేనే గట్టిగా కట్టాను తమ్ముడూ," అంది వెంకాయమ్మ. "నా కాళ్ళు నేనే కట్టుకున్నాను, ముడి కాస్త వదులు. దారిలో పారిపోకుండా చూసుకో. ఇంటి సంగతి బెంగలేదు, తాళంచెవి మగబాతు మెడకి కట్టాను."