చెప్పకుండా వెళ్లిన సరంగు

గోదావరి పాయ మధ్యనున్న పొన్నలంకకు లాంచీ నడిపే సరంగు సత్తిరాజు పనిలో మహా నేర్పరి, కానీ ఎదుటివాళ్లు నొచ్చుకునే మాట చెప్పవలసి వస్తే మాత్రం అతనికి నోరు పెగిలేది కాదు. పన్నెండేళ్లుగా లంకవాళ్ల పాలు, కూరగాయలు, చదువులు, జబ్బులు అన్నీ అతని లాంచీలోనే ఏరు దాటేవి. వరద వచ్చి తీసినప్పుడల్లా ఏటిలో ఇసుక మేటలు చోటు మారేవి. నీటి రంగు చూసి మేట ఎక్కడుందో పట్టగలిగినవాడు ఆ రేవులో అతనొక్కడే. అందుకే రేవును వేలంలో పాడుకున్న అబ్బులుగారు ఏ బెంగా లేకుండా నిద్రపోయేవాడు.

ఒక రోజు పై ఊరి నుంచి సుభద్రమ్మగారి మనిషి వచ్చాడు. ఆవిడకు కొండల దాకా యాత్రికులను తీసుకెళ్లే పెద్ద లాంచీ ఉంది.

"మా సరంగు పెద్దవాడైపోయాడు. నువ్వు వస్తే లాంచీ నీకే అప్పగిస్తామన్నారు అమ్మగారు. సోమవారం పొద్దున్న అక్కడుండాలి," అన్నాడు.

సత్తిరాజు మనసు ఊగిసలాడింది. ఇక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే ఒడ్డు, అదే లంక. అక్కడ పెద్ద ఏరు, కొండలు, రోజుకో కొత్త మలుపు. పైగా కూతురు అదే ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కానీ ఇక్కడ పేరుపెట్టి పిలిచే జనం ఉన్నారు. రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి భార్య మంగతో చెప్పాడు.

"వెళ్లాలని ఉందా, లేదా?" అంది మంగ.

"ఉంది."

"మరి వెళ్లు. కాకపోతే అబ్బులుగారికి ముందే చెప్పు. ఇంకో మనిషిని చూసుకోవాలి కదా."

మర్నాడు చెబుదామని వెళ్లాడు. అబ్బులుగారు నవ్వుతూ, "రావోయ్ సత్తిరాజూ, నువ్వుండబట్టే ఈ రేవు నడుస్తోంది," అన్నాడు. ఆ మాట వినగానే చెప్పవలసింది చెప్పకుండానే లాంచీ దగ్గరికి తిరిగొచ్చాడు. శుక్రవారం కూడా అంతే అయింది. శనివారం అబ్బులుగారి ఇంట్లో చుట్టాలున్నారు. ఆదివారం మంగ, "చెప్పావా?" అని అడిగితే, "ఆఁ, చెప్పేశాను," అనేశాడు. ఆ సాయంత్రమే సంచి సర్దుకుని బస్సెక్కాడు.

సోమవారం పొద్దున్న లంక రేవులో జనం నిలబడ్డారు. లాంచీ అవతలి ఒడ్డునే ఉండిపోయింది. తాడు వేసే కళాసీ నూకరాజు పరుగెత్తుకుంటూ సత్తిరాజు ఇంటికి వెళ్లాడు.

"కొత్త పనికి వెళ్లాడు కదా! అబ్బులుగారికి చెప్పానన్నాడే!" అని మంగ తెల్లబోయింది.

ఇంతలో లంక నుంచి కేకలు వినిపించాయి. కుమారి అనే నిండు చూలాలికి నొప్పులు మొదలయ్యాయి. ఆమెను మంచం మీద మోసుకొచ్చి రేవులో దించారు. ఇక ఆలోచించే వ్యవధి లేదు. నూకరాజు ఎప్పుడూ పట్టని చుక్కాని పట్టుకున్నాడు. లంకకు ఎలాగో చేరాడు. కుమారిని, జనాన్ని ఎక్కించుకుని వెనక్కి తిప్పాడు. కానీ సత్తిరాజు ఎక్కడ చుట్టు తిరిగి వస్తాడో అతనికి తెలియదు. తిన్నగా నడిపాడు. నడి ఏటిలో లాంచీ ఇసుక మేట ఎక్కి కూర్చుంది.

గెడలు వేసి నెట్టారు. మగవాళ్లు నీళ్లలోకి దిగి తోశారు. కదల్లేదు. చేపల పడవలు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా పాలమ్మే ఆడవాళ్లు తమ చీర కొంగులే తెరగా పట్టారు. పాలబిందెల మధ్యే కుమారి మగపిల్లవాణ్ణి కంది. బిడ్డ క్షేమమే. తల్లికి మాత్రం రక్తం చాలా పోయింది. పడవలో ఒడ్డుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్చి, రెండు సీసాల రక్తం ఎక్కించారు.

మధ్యాహ్నం మంగ ఫోన్ చేసింది. సత్తిరాజు అప్పుడే కొత్త లాంచీ ఇంజను చూసి పైకి వచ్చాడు. విషయం విని మెట్ల మీద కూలబడ్డాడు. సుభద్రమ్మగారు చూసి, ఏమిటని అడిగింది. అతను దాచకుండా చెప్పాడు.

"అయితే వాళ్లతో ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశావా?"

"చెబుదామనే అనుకున్నానండి. ఆయన నొచ్చుకుంటాడని..."

"ఇప్పుడు నొచ్చుకోలేదా?" అంది ఆవిడ. "నా లాంచీ ఎక్కేది వందమంది, నాయనా. రేపు నీకు ఇంతకంటే మంచి చోటు దొరుకుతుంది. అప్పుడు నా గతీ ఇంతేనా? ముందు వెళ్లి నీ పని ఎవరికైనా సరిగ్గా అప్పజెప్పు. తర్వాత రా. అప్పటికి ఇక్కడ చోటుంటే చూద్దాం. మాట మాత్రం ఇవ్వలేను."

సత్తిరాజు సాయంత్రం బస్సుకే తిరిగొచ్చాడు. తిన్నగా ఆసుపత్రికి వెళ్లాడు. కుమారి అత్త వీరమ్మ అతన్ని చూసి మొహం తిప్పుకుంది. అతను గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగాడు. అక్కడి నుంచి అబ్బులుగారి ఇంటికి వెళ్లాడు.

"పోతానంటే కాళ్లు కట్టేస్తానటోయ్?" అన్నాడు అబ్బులుగారు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ. "కష్టంగానే ఉండేది, నిజమే. ఓ పూట తిట్టేవాణ్ణి. మర్నాడు నూకరాజుని నీ పక్కన నిలబెట్టేవాణ్ణి. అంతేగా!"

సత్తిరాజు తలెత్తలేదు. "తప్పు నాదేనండి. నేను వెళ్లాలనుకుంటున్న మాట నిజమే. కానీ వాడికి ఏరంతా చూపించాకే వెళ్తాను," అన్నాడు.

ఆ మాట చెప్పడం అతను అనుకున్నంత కష్టంగా లేదు.

నలభై రోజులు నూకరాజుని పక్కన నిలబెట్టుకున్నాడు. నీళ్లు ఎక్కడ పాలిపోతే లోతు తక్కువో, ఎక్కడ సుడి తిరిగితే మేట పెరుగుతోందో చూపించాడు. చివరి వారమంతా చుక్కాని ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని వెనక కూర్చున్నాడు. లాంచీ ఒక్కసారి కూడా మేటకు తగల్లేదు.

ఈలోగా సుభద్రమ్మగారు ఇంకొకరిని సరంగుగా పెట్టుకుంది. అతని కింద రెండో సరంగు చోటు మాత్రం ఖాళీగా ఉందని కబురు చేసింది. సత్తిరాజు ఒక రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నాడు. పెద్ద చోటు పోయినందుకు ఎవరినీ అనలేదు.

శనివారం పొద్దున్న లాంచీ నిండా జనం ఉండగా లేచి నిలబడ్డాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

"సోమవారం నుంచి నేను రానండి. పై ఊళ్లో పనికి వెళ్తున్నాను. ఇక నూకరాజు నడుపుతాడు. ఏరు వాడికి బాగా తెలుసు. ఆ రోజు మీకు చెప్పకుండా వెళ్లాను. క్షమించండి."

కొందరు తల వంచుకున్నారు. చివర, కోలుకున్న కుమారి పక్కనే కూర్చున్న వీరమ్మ ఒళ్లో మనవణ్ణి సర్దుకుంటూ అంది.

"ఈసారి చెప్పి వెళ్తున్నావు. అది చాలు. వెళ్లిరా, నాయనా."

ఉన్న పని వదిలి కొత్త పనికి వెళ్లడం తప్పు కాదు, మన మీద ఆధారపడ్డవాళ్లకు ముందుగా చెప్పకుండా వెళ్లడమే తప్పు.